నలుపు పక్కన ఏముంది?

నలుపు అసలు రంగే కాదని కొందరు అంటారు. సాహిత్య సభల్లో అంటారు, పత్రికల్లో రాస్తారు. "దళిత కవులు నలుపు నలుపు అని ఒకటే ఊదరగొడతన్నారు గానీ, సైన్సు ప్రకారం నలుపు రంగే కాదు, వెలుగు లేకపోవడమే నలుపు" అని ఒక పెద్దమనిషి మైకు ముందు చెప్తాడు. ముందు వరసలో వాళ్లు నవ్వుతారు. వెనక వరసలో మన పిల్లలు ఏమనాలో తెలీక తల వంచుకుంటారు. సైన్సు పేరు చెప్పి నవ్వే నవ్వు కాబట్టి దానికి జవాబు కూడా సైన్సుతోనే మొదలుపెట్టాలి. ఆ తర్వాత సాహిత్యంలోకి వద్దాం.

ముందు వాళ్లు చెప్పేదాంట్లో ఎంత నిజముందో చూద్దాం. తెల్లటి ఎండ గాజు పట్టకంలోంచి పోతే రంగులుగా విడిపోతుందని న్యూటన్ 1672లో అచ్చయిన వ్యాసంలో చూపించాడు. ఆ రంగుల వరసలో నలుపు లేదు. ఒక వస్తువు తన మీద పడ్డ వెలుగును దాదాపు అంతా మింగేసి, మన కంటికి చాలా కొంచెం తిప్పి పంపితే దాన్ని నలుపంటాం. ఇంతవరకు ఎవరూ కాదనరు. కానీ ఆ వరసలో గోధుమరంగు కూడా లేదు. గోధుమరంగు రంగు కాదని ఎవరైనా వ్యాసం రాశారా? అంతెందుకు, ఆ వరసలో తెలుపు కూడా లేదు. రంగులన్నీ కలిస్తే కంటికి తెలుపు. మరి తెలుపు రంగేనా అని ఏ సభలో ఎవరు అడిగారు? పట్టకం ముందు తెలుపూ నలుపూ రెండూ ఒకటే కేసు. నిలదీసేది మాత్రం నలుపునే. ఈ ప్రశ్న భౌతికశాస్త్రంలోంచి రాలేదు. ఊళ్లోంచి వచ్చింది.

రంగు వెలుగులోనే ఉండదు. చూసే కంట్లో, ఆ కంటి వెనక మెదడులో ఉంటుంది. జర్మన్ శాస్త్రవేత్త ఎవాల్డ్ హెరింగ్ 1870లలోనే ఈ సంగతి పట్టుకున్నాడు. ఎరుపు-ఆకుపచ్చ, పసుపు-నీలం, తెలుపు-నలుపు అని మూడు జతలు కట్టాడు. ఆయన లెక్కలో నలుపంటే ఏమీ కనపడకపోవడం కాదు. కనపడటంలో అదొక రకం. దీనికి రుజువు ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో కాసేపు కూచోండి. మీకు కనపడేది నిఖార్సయిన నలుపు కాదు. ఒక మసక బూడిదరంగు. జర్మన్లు దానికి ఐగెన్‌గ్రౌ అని పేరు పెట్టారు, సొంత బూడిదరంగు అని. వెలుగు బొత్తిగా లేనిచోట నలుపు కూడా సరిగా లేదన్నమాట. నలుపు కనపడాలంటే పక్కన వెలుగుండాలి.

ఇంకో రుజువు. పాతకాలం డబ్బా టీవీ ఆపేసి చూడండి. దాని తెర బూడిదరంగులో ఉంటుంది. టీవీ వెలుగును ఇవ్వగలదే గానీ, ఆపేసినప్పటికంటే ఎక్కువ చీకటిని ఇవ్వలేదు. అయినా బొమ్మ వేసినప్పుడు హీరోయిన్ జడ ఆ బూడిద తెర మీదనే కారునలుపుగా కనపడుతుంది. జడ చుట్టూ వెలుగు పడింది కాబట్టి జడ నల్లబడింది. ఇంకోటి. నడి ఎండలో న్యూస్‌పేపర్ మీదున్న నల్ల అక్షరం, రాత్రి బల్బు కింద ఉన్న తెల్లకాగితం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగును మన కంటికి పంపుతుంది. అయినా ఎండలో అక్షరం నలుపే, గదిలో కాగితం తెలుపే. కన్ను వెలుగును కొలవదు. పక్కదానితో పోల్చుకుంటుంది.

అన్నిటికంటే నాకు పనికొచ్చిన ప్రయోగం 1929లో అధేమర్ గెల్బ్ చేసింది. చీకటి గదిలో ఒక నల్ల బిళ్లను వేలాడదీశాడు. చూసేవాడికి కనపడకుండా దాచిపెట్టిన దీపంతో ఆ బిళ్ల మీద మాత్రమే వెలుగు పడేటట్టు చేశాడు. చూసినోళ్లందరికీ అది తెల్ల బిళ్లే. అప్పుడు దాని పక్కన ఒక తెల్లకాగితం ముక్క పెట్టాడు. అదే క్షణంలో బిళ్ల నల్లబడిపోయింది. కాగితం తీసేస్తే మళ్లీ తెల్లగా అయింది. చిత్రమేందంటే, బిళ్ల నల్లదని తెలిసిన తర్వాత కూడా కాగితం తీసేస్తే కంటికి తెల్లగానే కనపడుతుంది. తెలివి ఒకటి చెప్తుంది, కన్ను ఇంకోటి చూస్తుంది.

కాబట్టి ఏదైనా నల్లగా కనపడితే మనం రెండు ప్రశ్నలు అడగాలి. దాని పక్కన ఏముంది? దీపం ఎవరి చేతిలో ఉంది? ఈ రెండు ప్రశ్నలతో తెలుగు సాహిత్యంలో నలుపును చదవొచ్చని నా వాదన.

భాషతో మొదలుపెడదాం. 1969లో బెర్లిన్, కే అనే ఇద్దరు పరిశోధకులు ఎన్నో భాషల్లో రంగుల పేర్లు పోల్చి చూశారు. రంగులకు రెండే మాటలున్న భాషలో ఆ రెండూ నలుపూ తెలుపూ, లేదా చీకటి రంగూ వెలుగు రంగూ. మూడో మాట వస్తే అది ఎరుపు. మనిషి నోటికి నలుపు మొట్టమొదటి రంగుల్లో ఒకటి. మరి మన తెలుగు ఆ మొదటి రంగును ఏం చేసింది? దొంగ సొమ్ము నల్లధనం. దొంగ వ్యాపారం నల్లబజారు. జనాన్ని తొక్కే చట్టం నల్లచట్టం. పౌరహక్కుల కోసం కొట్లాడే మిత్రులు కూడా కరపత్రంలో "ఈ నల్లచట్టాన్ని రద్దు చేయాలి" అనే రాస్తారు. ఆ చట్టం చేసినోళ్లలో ఎంతమంది తెల్ల ఖద్దరు కట్టారో ఎవరూ చూడరు.

మనుషుల దగ్గరికొస్తే తెలుగు ఇంకా తెలివిగా ఉంటుంది. ఒళ్లు తెల్లగా ఉన్నోణ్ణి "ఎర్రగా ఉన్నాడు" అంటాం. కాస్త తక్కువైతే "చామనచాయ" అంటాం. ఆడపిల్ల నల్లగా ఉంటే "నల్లగా ఉన్నా కళగల మొహం" అంటాం. ఆ "ఉన్నా" దగ్గర ఆగండి. ఎర్రగా ఉన్న పిల్లను "ఎర్రగా ఉన్నా కళగా ఉంది" అని ఎవరూ అనరు. నలుపును ఒక నేరం కింద ఒప్పేసుకుని, ఆ తర్వాత కళను సాక్షిగా పిలిచే వ్యాకరణం ఇది. "నలుపు నారాయణ మెచ్చు" అని ఇంకో సామెత. నల్లపిల్లకు ధైర్యం చెప్పడానికి వాడతారు. నారాయణుడు మెచ్చితే తప్ప మెచ్చుకోలు లేదన్నమాట. ఆ నారాయణుణ్ణయినా క్యాలెండర్లో నల్లగా వేశారా? కృష్ణుడంటే మాటకు అర్థమే నల్లనివాడు. బొమ్మలో మాత్రం నీలం. నలుపు దేవుడి ఒంటి మీదుంటే నీలమేఘచ్ఛాయ. మా నాయన ఒంటి మీదుంటే కర్రినలుపు.

కావ్యంలోనూ ఇదే లెక్క. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపాడు. 1941లో గుర్రం జాషువ అంటరాని మనిషి చేత గబ్బిలంతో కబురు పంపించాడు. దీని మీద వచ్చిన విమర్శలో ఎక్కువభాగం సందేశకావ్య లక్షణాల చుట్టూ తిరుగుతుంది. రంగు సంగతి చూడండి. మేఘమూ నలుపే, గబ్బిలమూ నలుపే. ఒక నలుపు పక్కన వాన, పంట, విరహం ఉన్నాయి కాబట్టి అది అందం. ఇంకో నలుపు పక్కన పాడుగోడ, అపశకునం ఉన్నాయి కాబట్టి అది అసహ్యం. జాషువ గబ్బిలానికి తెల్లరంగు వెయ్యలేదు. దాన్ని తీసుకెళ్లి మేఘం ఉండే చోట నిలబెట్టాడు. పక్కనున్నదాన్ని మార్చాడు. మారిందేదో చదివేవాడి కన్నుకు తెలిసింది.

ఇప్పుడు అసలు పేచీకి వస్తాను. 1990లలో వచ్చిన దళిత కవిత్వాన్ని నల్ల కవిత్వమని మనమే గర్వంగా చెప్పుకున్నాం. 1985 కారంచేడు తర్వాత, 1991 చుండూరు తర్వాత 'చిక్కనవుతున్న పాట' (1995), 'పదునెక్కిన పాట' (1996) లాంటి సంకలనాలొచ్చిన కాలం అది. ఆ గర్వానికి ఒక దారి అమెరికా నుంచి వచ్చింది. 1966లో ఓక్లండ్‌లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది. 1972లో ముంబైలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే లాంటివాళ్లు ఆ పేరు చూసుకునే దళిత్ పాంథర్స్ పెట్టారు. అక్కణ్నుంచి నలుపు మన కవుల దగ్గరకు ఒక ఆయుధంగా వచ్చింది. ఎంతో అవసరమైన ఆయుధం. తిట్టును ఎత్తుకుని జెండా చేసుకోవడం చిన్న పని కాదు.

అయితే తెలుగులో దళితుడి కలం నుంచి నలుపు అంతకు డెబ్భై ఏళ్ల ముందే వచ్చింది. వచ్చినప్పుడు అది మన రంగు కాదు. దొర రంగు.

1920ల మొదట్లో గరిమెళ్ల సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' రాశాడు. ఊరూరా పాడారు. దానికి జవాబుగా రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' రాశాడు. ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో ఒకే గీత ఉంది. అటు తెల్లోళ్లు, ఇటు మనమంతా. ఆ లెక్కన కరణమూ నల్లోడే, పాలేరూ నల్లోడే, ఇద్దరూ ఒకటే. ధర్మన్న ఆ "మనమంతా"ను రెండుగా చీల్చాడు. ఇంగ్లీషోడి పక్కన నిలబడి నువ్వు నల్లోడివని ఏడుస్తున్నావు, మా పక్కన నిలబడినప్పుడు నువ్వు దొరవు అని చెప్పాడు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచములమన్న పేరు వద్దని ఆది ఆంధ్రులమని చెప్పుకుంది. ఆ వేడిలోంచి వచ్చిన మాట ఇది. ఇక్కడ "నల్ల" అనే మాటకు చర్మంతో పనిలేదు. తెల్లదొర పక్కన చూస్తేనే ఈ దొర నల్లగా కనపడతాడు. ధర్మన్న ఆ పోలిక ఉండగానే, వాడు నల్లగా కనపడతన్నప్పుడే, వాణ్ణి దొర అని పట్టుకున్నాడు.

1947లో తెల్లోడు పోయాడు. గెల్బ్ గదిలో తెల్లకాగితం తీసేసినట్టే. దీపం మాత్రం పోలేదు. బడి, కచేరీ, కోర్టు, అచ్చాఫీసు అన్నీ అట్టాగే ఉన్నాయి. వాటి వెలుగంతా వాళ్లమీదనే పడింది. నిన్నటిదాకా నల్లదొర అయినోడు తెల్లగా కనపడటం మొదలుపెట్టాడు. పక్కన మిగిలింది మనం. కంటికి ఎదురుగా మనల్ని పెట్టుకుంటే వాళ్ల తెలుపు ఇంకా తెల్లగా ఉంటుంది. ఊరికి వాడ ఎందుకు కావాలో ఇక్కడ అర్థమవుతుంది. వాడ దగ్గరగా ఉంటే అంటు. కంటికి కనపడనంత దూరంగా ఉంటే ఊరు తనను తాను తెల్లగా చూసుకోలేదు. అందుకే కేకేస్తే వినపడేంత దూరంలో పెట్టారు.

ధర్మన్న నలుపుకూ 1995 నలుపుకూ మధ్య మన విమర్శ ఒక వంతెన కట్టాలి. ఒకే మాట అప్పుడు కొట్టేవాడి పేరు, ఇప్పుడు దెబ్బ తిన్నవాడి పేరు. ఈ తిరకాసును దాచిపెడితే "నలుపు మన రక్తంలో ఉంది, మన మట్టిలో ఉంది" అనే పాట ఒక్కటే మిగులుతుంది. వినడానికి బాగుంటుంది. నిజం కాదు. నల్లరేగడి మట్టితో మన నలుపును పోల్చిన కవితలు చాలా వచ్చాయి. ఆ రేగట్లో పత్తి పండిస్తున్న పట్టాదారు ఎవరని కూడా ఆ కవిత అడగాలి గదా.

ఈ విషయంలో అంబేద్కర్ మనకంటే చాలా ముందున్నాడు. 1936 'కులనిర్మూలన'లో ఆయన చెప్పింది ఏందంటే, పంజాబు బ్రాహ్మణుడూ పంజాబు చమారూ ఒకే జాతి. మద్రాసు బ్రాహ్మణుడూ మద్రాసు పరయా ఒకే జాతి. కులం జాతిని విడదీసే గీత కాదు. 1948లో రాసిన 'అంటరానివారు' పుస్తకంలో ముక్కుల కొలతలు ముందేసుకుని, ఈ కొలతలను నమ్మితే బ్రాహ్మణులూ అంటరానివాళ్లూ వేరు జాతులనే మాట నిలబడదని తేల్చాడు. ముక్కు కొలిచి మనుషుల్ని మెట్లు మెట్లుగా పేర్చిన రిస్లీ లాంటి తెల్ల అధికారుల సరుకును వాళ్ల ముఖానే తిప్పికొట్టాడు. నలుపు మన జాతి లక్షణమని మనమే రాస్తే ఆ సరుకును తెలీకుండా మళ్లీ మోసినట్టవుతుంది.

ఉత్తరాదిన ఒక సామెత ఉంది. నల్ల బ్రాహ్మణ్ణీ తెల్ల చమారునూ నమ్మొద్దని దాని సారాంశం. దీన్ని జాగ్రత్తగా చదవండి. బ్రాహ్మణుల్లో నల్లోళ్లున్నారని, చమారుల్లో తెల్లోళ్లున్నారని ఆ సామెత చేసినోడికి తెలుసు. తెలిసే భయపడుతున్నాడు. కులానికి రంగు అతికించి పెట్టుకున్నాడు, ఒంటి రంగు ఆ అతుకును ఊడదీస్తోంది. వర్ణమంటే రంగని సంస్కృతం చెప్తుంది. చూసి పెట్టిన రంగు కాదది. పెట్టాక చూడటం నేర్పిన రంగు.

చూడటం నేర్పే చోటు బడి. మా ఊరి బడిలో నల్లబల్ల వెలిసిపోయినప్పుడల్లా దానికి బొగ్గూ ఆకుపసరూ నూరి పూసే పని మా పల్లె పిల్లలదే. మిగతా పిల్లల చొక్కాలు మాస్తాయని అయ్యవారి అభిప్రాయం. మాకు మాయడానికి ఏముంది? మోచేతుల దాకా నల్లగా పూసుకుని బల్లను నిగనిగలాడించేవాళ్లం. తెల్లారి దాని మీద సుద్దముక్కతో అక్షరాలు పడేవి. రాసే చెయ్యి ఇంకొకరిది. తెల్ల అక్షరం కనపడాలంటే వెనక నల్లబల్ల గట్టిగా ఉండాలి. చదువంటే అక్షరాలే గానీ, బల్లను ఎవరూ చదవరు.

ఆ తర్వాత హాస్టల్. ఏడాది చివర గ్రూపు ఫొటో తీసేవాళ్లు. వెనక వెల్లవేసిన గోడ, ముందు మధ్యలో కుర్చీల్లో పెద్దలు, చుట్టూ మేము. ఫొటో వచ్చాక చూస్తే మా మొహాలుండాల్సిన చోట మరకలుండేవి. కళ్లూ పళ్లూ తప్ప ఏమీ తెలిసేది కాదు. "మీరు నల్లగా ఉంటే నేనేం చెయ్యను" అని ఫొటో తీసినాయన అన్నాడు. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది ఆ మాటలో సైన్సు లేదని. కెమెరాలో వెలుగు కొలిచే యంత్రం ఎదురుగా ఉన్నదంతా సగటున మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది. తెల్లగోడ ఎక్కువుంటే లోపలికి వచ్చే వెలుగును తగ్గించేస్తుంది. గోడ బూడిదగా మారుతుంది, మొహాలు మసి అవుతాయి. మొహాల దగ్గర వెలుగు కొలిచి తీస్తే మేము కనపడేవాళ్లం, గోడ వెలిసిపోయేది. గోడా మొహమా అన్నప్పుడు గోడను ఎంచుకున్నారు.

ఇది ఒక్క కెమెరాతో పోయేది కాదు. కొడాక్ కంపెనీ రంగు ఫిల్ములకు సరైన రంగు ఇదని చూసుకోవడానికి ల్యాబులకు పంపిన షర్లీ కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి అమ్మాయి బొమ్మే ఉండేది. ఆమె ఒళ్లు బాగా వస్తే ఫిల్ము బాగున్నట్టు. ముదురు రంగులు సరిగా రావడం లేదని చాక్లెట్లు, చెక్క సామాన్లు అమ్మే కంపెనీలు గోల పెట్టాక గానీ ఫిల్ము మారలేదు. మనిషి మొహం చెప్పలేని మాట చాక్లెట్టు చెప్పింది. ఫిల్ము పోయి కంప్యూటర్ వచ్చాక కూడా దీపం చేతులు మారలేదు. 2018లో జాయ్ బులమ్‌వినీ, టిమ్నిట్ గెబ్రూ మొహం చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల ప్రోగ్రాములను పరీక్షించారు. తెల్ల మగవాళ్ల దగ్గర తప్పులు 0.8 శాతం దాటలేదు. నల్ల ఆడవాళ్ల దగ్గర 34.7 శాతం దాకా పోయాయి. తప్పు మన మొహంలో లేదు, చూడటం నేర్పిన పద్ధతిలో ఉంది.

నల్ల ఆడవాళ్ల దగ్గర అన్నాను కాబట్టి మన ఇంటి సంగతి కూడా మాట్లాడాలి. ఇది మాట్లాడకుండా నలుపు మీద వ్యాసం రాయడం దొంగతనం. నా చెల్లెలు టీచరు. పెళ్లిచూపులకు వచ్చినోళ్లు మనోళ్లే, మన కులమే. వాళ్లింట్లో హాల్లో అంబేద్కర్ ఫొటో ఉంది. పిల్లోడు ఉద్యమంలో తిరిగినోడు. అంతా మాట్లాడుకుని, టీ తాగి, లేవబోతా పిల్లోడి మేనమామ మా నాయన భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్లాడు. "బావా, అమ్మాయి గుణం బంగారమే. రంగు కాస్త తక్కువ గదా, ఆ లోటు మీరే సర్దాలి" అన్నాడు. రంగు తక్కువ! ఎంత తక్కువో రూపాయల్లో చెప్పాడు. నా చెల్లెలు తలుపు చాటునుంచి బయటికొచ్చి, "మామా, మీ పిల్లోడు నాకంటే నలుపు. ఆ లెక్కన మీరే మాకు బాకీ" అంది. సంబంధం పోయింది. మా అమ్మ మూడు రోజులు అన్నం తినలేదు.

పైకి నవ్వొచ్చినా నా చెల్లెలు మాటలో మన సౌందర్యశాస్త్రం మొత్తానికి ఒక ప్రశ్న ఉంది. మగోడి నలుపు పక్కన పోరాటం ఉంది, కాయకష్టం ఉంది, కవిత్వం ఉంది. ఆడదాని నలుపు పక్కన పెళ్లి బేరం ఉంది. అదే నలుపు, అదే ఇల్లు. పక్కనున్నది వేరు కాబట్టి ఒకటి గర్వం, ఒకటి లోటు. తెల్లబడే క్రీము మన దేశంలో 1975 నుంచి డబ్బాల్లో అమ్ముడుపోతోంది. 2020లో ఆ డబ్బా మీద పేరులో "ఫెయిర్" తీసేసి "గ్లో" అని పెట్టారు. మాట మారింది, బేరం మారలేదు. డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ కలిసిన క్రీములు పూసుకుని మొహం చర్మం పల్చబడి, మంటలెక్కి, పొక్కులొచ్చిన ఆడపిల్లలు మన వాడల్లోనూ ఉన్నారు. నల్లగా ఉండటం అందమని మన కవిత్వం చదివిన పిల్లలే వాళ్లు. 2003లో గోగు శ్యామల దళిత స్త్రీల సాహిత్యాన్ని 1921 నుంచి ఒకచోట చేర్చి 'నల్లపొద్దు' అని పేరు పెట్టింది. పొద్దంటే వెలుగు గదా, నల్లగా ఎట్టా ఉంటుందని అడిగినోళ్లున్నారు. పైన గెల్బ్ సంగతి చదివినోళ్లు ఆ ప్రశ్న అడగరు. దీపం తన చేతిలోకి తీసుకున్నోళ్లు పెట్టుకునే పేరు అది.

మరి నలుపంటే పక్కదాని నీడేనా, దానికంటూ సొంత సరుకు లేదా అని విద్యార్థి మిత్రులు అడగొచ్చు. ఉంది. దానికి మన చేతిపనుల దగ్గరికి పోవాలి. మా తాత తోలు పని చేసేవాడు. లందలో సున్నం, ఆ తర్వాత తంగేడు చెక్క, కరక్కాయ. ఆరె, రంపె పక్కన ఉండేవి. ఊనిన తడితోలు మీద ఇనుప ముక్క పెట్టొద్దని పిల్లల్ని కసురుకునేవాడు. పెడితే అక్కడ నల్లమచ్చ పడుతుంది, ఎంత కడిగినా పోదు. తంగేట్లో, కరక్కాయలో ఉండే వగరుకూ ఇనుముకూ కలిస్తే నలుపు పుడుతుంది. కలంకారీ బట్ట మీది నల్లగీత కూడా ఈ లెక్కే. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. ఆ పులిసిన నీళ్లను కసిమి అంటారు. కరక్కాయ పట్టించిన బట్ట మీద కసిమి కలం పెడితే గీత నల్లబడుతుంది. శ్రీకాళహస్తి పనిలో ఈ నల్లగీతే ముందు పడుతుంది. మిగతా రంగులన్నీ దాని లోపల సర్దుకుంటాయి. ఇక్కడ నలుపంటే ఏమీ లేకపోవడం కాదు. ఇనుమూ చెట్టూ చెయ్యీ కలిసి, ఓపిగ్గా కాచుకుంటే వచ్చిన పని ఫలితం. పనిచేసే కులాలను నలుపు రంగేనా అని అడిగితే నవ్వుతారు. వాళ్లు దాన్ని వండారు గనక.

ఇంకో తమాషా కూడా జరిగింది. 2014లో ఇంగ్లండులో ఒక కంపెనీ వాంటాబ్లాక్ అనే సరుకు చేసింది. కార్బన్ నానోగొట్టాల పూత అది. మీద పడిన వెలుగులో 99.965 శాతం మింగేస్తుంది. 2016లో కళలో దాన్ని వాడుకునే హక్కు మొత్తం ఒక్క శిల్పికే, అనీశ్ కపూర్‌కే ఇచ్చారు. మిగతా కళాకారులు గోల పెట్టారు. నలుపు రంగే కాదంటిరి, ఇప్పుడు దానికి పట్టా పుట్టింది. మనిషి ఒంటి మీదుంటే లోటు, గ్యాలరీలో ఉంటే ఆస్తి. దీపం ఎవరి చేతిలో ఉందో మళ్లీ చూడండి.

కాబట్టి విమర్శ రాసే మిత్రులకు నేను చెప్పేది ఇది. నలుపు అందమా కాదా అనే పంచాయితీలో కూచోకండి. ఆ పంచాయితీ పెట్టినోడు తీర్పు ముందే రాసుకున్నాడు. నలుపు మన రక్తమనీ రాయకండి. ఆ మాట రిస్లీని సంతోషపెడుతుంది, అంబేద్కర్‌ను కాదు. ఏ కథలో, ఏ కవితలో "నల్ల" అనే మాట తగిలినా దాని పక్కన ఏం పెట్టారో చూడండి. వెలుగు ఎటునుంచి పడుతుందో చూడండి. మన కవితలను కూడా ఇట్టాగే చదవండి, మొహమాటపడకండి. మన కవి నలుపు మీద పాట కట్టి, చెల్లెలి పెళ్లికి చామనచాయ పిల్లోడి కోసం, కొడుక్కి ఎర్రపిల్ల కోసం వెతుకుతుంటే ఆ పాట పక్కన ఈ వెతుకులాటను కూడా పెట్టి రాయండి.

గెల్బ్ ప్రయోగంలో ఒక సంగతి మర్చిపోవద్దు. బిళ్ల నల్లదని తెలిసినా, కాగితం తీసేస్తే కన్ను మళ్లీ తెల్లగానే చూసింది. తెలియడం వల్ల చూపు మారదు. పక్కనున్నది మారాలి, దీపం చేతులు మారాలి. కులం విషయంలో చైతన్యం పేరుతో మనం చెప్తున్నదంతా తెలియజెప్పడమే అయితే సరిపోదు. బల్లకు మసి పూసే చెయ్యి బల్ల మీద రాయాలి. ఫొటో తీసేటప్పుడు వెలుగు గోడ దగ్గర కాకుండా మొహం దగ్గర కొలవాలి. అప్పుడు నలుపు రంగేనా అని అడిగేవాడు కూడా ఆ ఫొటోలో ఒక మూల నిలబడి, తన రంగేమిటో తానే చూసుకుంటాడు.